మావాడు సైటు కొట్టిన రోజు

ఆ రోజుల్లో నాకు లోకంలో రెండే రకాల మనుషులు కనిపించేవాళ్ళు. మిషను దగ్గర నిలబడేవాళ్ళు, కోల పట్టుకుని పరిగెత్తేవాళ్ళు. ఆ రోజులంటే మరీ తాతల కాలమేమీ కాదు, పన్నెండు పదమూడేళ్ళ కిందటి మాట. కడపలో ఒక ప్రైవేటు సర్వేయరు దగ్గర పనికి చేరాను. మిషను అంటే టోటల్ స్టేషను. మూడుకాళ్ళ స్టాండు మీద కూర్చుని, దూరంగా నిలబెట్టిన అద్దానికి కిరణం వదిలి, దూరమూ కోణమూ ఒక్క మీటతో చెప్పేసే పసుపుపచ్చ పెట్టె. ఆ అద్దాన్ని కోలకు తగిలించి, పొలంలో చెప్పిన చోటల్లా నిలబెట్టేవాడు కోల మనిషి. మిషను మనిషికి గొడుగు ఉంటుంది, కోల మనిషికి చిల్లచెట్ల ముళ్ళు ఉంటాయి. మిషను మనిషిని రైతులు 'సార్' అని పిలిచి మజ్జిగ ఇస్తారు. కోల మనిషిని 'ఓ కట్టె పట్టుకున్నాయప్పా' అని పిలుస్తారు (మజ్జిగ మిగిలితే ఇస్తారు). కర్నూలులో డిప్లొమా చదివి, ఇంట్లో 'సర్వేయరు ఉద్యోగం' అని చెప్పి వచ్చినవాణ్ణి, ఐదు నెలలుగా కట్టె పట్టుకున్నాయప్పనై తిరుగుతున్నాను.

మా గురువుకు మేము చాటుగా పెట్టుకున్న పేరు సున్నా సారు. మిషనును ఒక రాయి మీద నిలబెట్టాక, ముందే కొలిచి పెట్టుకున్న ఇంకొక రాయి వైపు తిప్పి, అక్కడ కోణం సున్నా అని దానికి చెప్పాలి. అలా వెనక రాయిని చూసుకోవడాన్ని బ్యాక్‌సైటు అంటారు. మా పనివాళ్ళ నోట్లో అది అరిగిపోయి 'సైటు కొట్టడం' అయింది. అది తప్పితే ఆ రోజు కొలిచిందంతా తప్పే. అందుకని ఆయన పొద్దున్నే కనిపించగానే 'తిన్నావా' అని కాదు, 'సున్నా పెట్టినావాప్పా?' అని పలకరించేవాడు. (ఒకసారి పెళ్ళి భోజనంలో పప్పు వడ్డించేవాణ్ణి కూడా అలాగే అడిగాడని చెప్పుకునేవాళ్ళం. అది నేను పుట్టించిందే.)

మధ్యాహ్నం అందరూ అన్నాలు తినేటప్పుడు నేను మిషను నిలబెట్టడం సాధన చేసేవాణ్ణి. చెప్పడానికి తేలికే. రాయి మీద కొట్టిన మేకుకు సరిగ్గా పైన స్టాండు నిలబెట్టాలి, మిషను కింద నుంచి పడే ఎర్రచుక్క మేకు తల మీద ఉండాలి, గాజుపలకలో ఉన్న నీటిబుడగ నడిమధ్యకు రావాలి. నాకు చుక్క కుదిరితే బుడగ పారిపోయేది, బుడగ కుదిరితే చుక్క పారిపోయేది. రెండూ కుదిరాయని నిట్టూరిస్తే నా మోకాలు స్టాండుకు తగిలేది. అరగంట చెమటలు కార్చి, చివరికి 'సార్, ఈ స్టాండు కాలు లూజు' అనేవాణ్ణి. 'ఆడలేక మద్దెల ఓడు అన్నట్ల' అని ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, రెండు నిమిషాల్లో నిలబెట్టి వెళ్ళిపోయేవాడు.

అలాంటప్పుడు ఆత్మకూరు నుంచి కొత్త కుర్రాడొకడు పనికొచ్చాడు. సన్నగా, నల్లగా, ఏమడిగినా నవ్వుతూ ఉండేవాడు. చేరిన మూడోరోజే మిషను ముట్టుకోమన్నారు. వాడు స్టాండు కాళ్ళు చాపి, ఒక కాలు తొక్కి, రెండు మరలు తిప్పి, పిలిచిన కుక్కపిల్లలా బుడగను మధ్యకు తెచ్చేశాడు. సున్నా సారు గడియారం చూసుకుని, 'నీ పేరేందోగానీ, నువ్వు బుడగవప్పా' అన్నాడు. ఆ రోజు నుంచి వాడి పేరు బుడగ. రెండు వారాలు తిరక్కుండా గొడుగు వాడి నెత్తి మీదికీ, మజ్జిగ వాడి చేతికీ పోయాయి. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మా అవ్వ అంటుంటే ఏదో గేదెల సంగతి అనుకున్నాను. ఆ చెవులు నావేనని అప్పుడు తెలిసింది. దాచడమెందుకు, నాకు ఒళ్ళంతా కుళ్ళు. వాడు బాగా చేస్తే కుళ్ళు, నన్ను 'అన్నా' అని పిలిస్తే ఇంకా కుళ్ళు. వాడు అన్నం తిని చెయ్యి కడుక్కునే తీరు కూడా నాకు గొప్పలు పోతున్నట్టే కనిపించేది.

పైగా ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళది పెద్ద పని వచ్చింది. మూడు నెలలు అక్కడే ఉండి కొలవాలి. సారు రాడు, మిషను మాలో ఒకడి చేతికి ఇచ్చి పంపుతాడు, రెండోవాడు కోల పట్టాలి. 'ఈ నిమ్మతోట పని అయినాంక చెప్తా, ఎవరి చేతికిచ్చేదీ' అన్నాడు. అంటే ఆ నిమ్మతోటే నా చివరి అవకాశం. ఇంట్లో అమ్మకు అప్పటికే 'మిషను నాకే ఇచ్చినారు' అని ఫోనులో చెప్పేశాను కూడా.

నిమ్మతోట ఒంటిమిట్టకు కొంచెం ఇవతల. అన్నదమ్ములిద్దరూ పంచుకుంటున్నారు. పెద్దాయన, అంటే అన్న, తెల్ల మీసం, చేతిలో వెదురుకర్ర, ముక్కుమీద కోపం. ఆయన మిద్దె ఇంటి ముందర, ముందురోజు కొలిచి పెట్టిన రాయి ఉంది. నేను కోల పట్టుకుని ఆ రాయి మీద నిలబడాలి. తోట ఆ చివర, ఇన్నూరు మీటర్ల దూరంలో, బుడగ మిషను పెట్టి నా వైపు తిప్పాడు. వాకీటాకీల వంటి భోగాలు మాకు లేవు. ఫోను కలుపుకుని, చెవిలో వైరు పెట్టుకుని మాట్లాడుకునేవాళ్ళం. సారేమో తమ్ముడితో కలిసి నిమ్మచెట్టు కింద పాత పటం పరుచుకుని కూర్చున్నాడు. నా వెనక మిద్దె మీద, పెద్దాయన కూతురు పుస్తకం పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ పరీక్షకు చదువుకుంటోంది.

'అన్నా, రెండంగుళాలు తేడా వస్తాంది, మళ్ళ కొడతా' అన్నాడు బుడగ చెవిలో. కొట్టాడు. మళ్ళీ తేడా. 'కదలాకన్నా' అన్నాడు. నాకు లోపల ఆనందం. చేతకాక నా మీదికి తోస్తున్నాడనుకున్నాను. అంతలో పెద్దాయన కర్ర ఆడిస్తూ నా దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, ఆ పిల్లోడు అద్దగంట నుంచి మా ఇంటి పక్కే కన్ను పెట్టుకోని చూస్తాండాడు. ఏం చేస్తాండాడు?"

"సైటు కొడతాండాడు పెద్దాయనా" అన్నాను.

ఒట్టేసి చెప్తున్నాను, ఆ మొదటి మాట నేను పాపం పుణ్యం తెలియకుండానే అన్నాను. మా నోట్లో అది రోజుకు వందసార్లు నలిగే మాట. కానీ పెద్దాయన తల మెల్లగా మిద్దె మీదికి తిరిగింది. అక్కడ కూతురు. మళ్ళీ మిషను వైపు తిరిగింది. అక్కడ కన్ను ఆనించిన బుడగ. మీసం ఒక్కసారి కదిలింది. ఆడపిల్లలను చూసే ఆ సైటు సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. ఒక్క ముక్కతో సర్దేయొచ్చు. 'అది రాయి సైటు పెద్దాయనా' అంటే అయిపోయేది. నా నాలుక దాకా వచ్చింది కూడా. దాన్ని మింగేసి వేరేది తీశాను.

"ఏం కొడతాండాడూ?" అని పెద్దాయన రెట్టించాడు.

"సైటు పెద్దాయనా. శానా బాగా కొడతాడు. యా ఊరికి పోయినా ముందు అదే పని."

"మీ సారు ఏమీ అనడా?"

"సారే దగ్గరుండి నేర్పిచ్చినాడు."

చూడండి, ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. పెద్దాయన పంచె ఎగ్గట్టి, నిమ్మచెట్ల మధ్య నుంచి అటువైపు నడిచాడు. అప్పుడు చెవిలో బుడగ గొంతు వినిపించింది. ఫోను కలిపే ఉంది కదా, నేనన్నదంతా విన్నాడు. "అన్నా, నా గురించి అంత బాగా జెప్పినావే, శానా థాంక్సన్నా" అన్నాడు. నిజంగానే సంతోషంగా అన్నాడు. వాడికి సైటంటే తెలిసింది రాయి సైటొక్కటే. అప్పుడైనా 'ఒరే, పరిగెత్తు' అనొచ్చు. నేను కోలను గట్టిగా పట్టుకుని, నాటకం చూడబోయేవాడిలా నిలబడ్డాను.

"ఏం రా, మా ఇంటి పక్క సైటు కొడతాండావంట?" పెద్దాయన గొంతు.

"అవును పెద్దాయనా. రెండుసార్లు కొట్టినా, సరిగా పడల్యా. ఇంగొక్కసారి కొడితే పడతాది. ఆ పక్క కొంచిం కదలకుండా నిలబడమని నువ్వన్నా చెప్పు."

తర్వాత మాటలు లేవు, కర్ర చప్పుడే. బుడగ పారిపోలేదు. మిషను కింద పడుతుందని దాన్ని రెండు చేతులా కావిలించుకుని, "నన్ను కొట్టు సామీ, మిషను వద్దు, మిషను వద్దు" అని అరుస్తూ వీపు అప్పగించాడు. నాలుగు పడ్డాయి. నేను నవ్వడం మొదలుపెట్టాను. ఇన్నూరు మీటర్ల దూరంలో నన్నెవరు చూస్తారు? కోల పట్టుకుని, వంగి, కళ్ళనీళ్ళు కారేట్టు నవ్వాను.

సున్నా సారు చెప్పులు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "అయ్యో పెద్దాయనా, అది ఆ సైటు గాదు! రాయిని చూసే సైటు!"

"రాయికి యాడన్నా సైటు కొడతారంటయ్యా? ఎవరికి జెప్తాండావు?"

"నువ్వే చూడు, నువ్వే చూడు" అంటూ సారు మిషను సర్ది, నా వైపు తిప్పి, పెద్దాయన కన్నును దాని దుర్భిణికి ఆనించాడు. ఆ దుర్భిణి ముప్పై రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఆ సమయానికి మాత్రం గుర్తులేదు.

"పాపేమీ కనపడలేదే" అన్నాడు పెద్దాయన. మళ్ళీ కన్ను ఆనించి, "ఈడ ఒగడు పండ్లన్నీ బయటబెట్టి నగుతాండాడు" అన్నాడు.

నా నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఈసారి సారు కన్ను పెట్టినట్టున్నాడు. చెవిలో ఆయన గొంతు మెల్లగా వినిపించింది. "పండ్లు శానా తెల్లగ ఉండాయప్పా. మూసుకోని ఈడికి రా."

వెళ్ళాను. ఆ ఇన్నూరు మీటర్లు ఎంత దూరమో ఏ మిషనూ చెప్పలేదు. సారు అడిగాడు, నువ్వేం చెప్పినావని. బుడగే అందుకున్నాడు. "అన్న చెప్పింది నిజమే గదా సార్. నేను సైటు కొడతానే ఉండాను. పెద్దాయనకు వేరేగ అర్థమైంది, అంతే." వాడు నన్ను వెనకేసుకొస్తున్నాడో, వాడికి నిజంగానే ఇంకా తెలియలేదో నాకు ఇప్పటికీ తెలియదు. పెద్దాయన మాత్రం నీరైపోయాడు. కూతురిని కేకేసి, గోరువెచ్చటి ఆముదం తెప్పించి, తన చేత్తోనే వాడి వీపుకు రాశాడు. ఆ పిల్ల చెంబుడు మజ్జిగ తెచ్చి వాడి చేతికిచ్చి, 'పాపం' అంది. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ క్షణంలో ఆ నాలుగు దెబ్బలూ నాకు పడినా బాగుండుననిపించింది.

స్టాండు కదిలిపోయింది కాబట్టి మిషను మళ్ళీ నిలబెట్టాలి. బుడగకు వంగడం కావడం లేదు. సారు నన్ను చూసి, "నువ్వే పెట్టు. వాడు కోల పడతాడు" అన్నాడు. ఐదు నెలలుగా నేను కలలు కన్న మాట అది. అంతమంది ఎదుట చుక్కకూ బుడగకూ మధ్య పాతిక నిమిషాలు పాట్లు పడి, మొత్తానికి నిలబెట్టాను. అద్దం వైపు తిప్పి సైటు కొట్టాను. తేడా రెండు మిల్లీమీటర్లు. మొదటి దెబ్బకే! బుడగకు రెండుసార్లు కుదరనిది నాకు కుదిరింది. గర్వంగా సారు వైపు తిరిగాను. ఆయన నన్ను చూడడం లేదు, తోట ఆ చివర కోల వైపు చూస్తున్నాడు.

నేనూ మళ్ళీ కన్ను పెట్టాను. ముప్పై రెట్లు పెద్దగా, బుడగ కనిపించాడు. కుడిచేత్తో వీపు రుద్దుకుంటున్నాడు, నొప్పికి మొహం ముడుచుకుంది. ఎవరూ చూడడం లేదనుకుంటున్నాడు. ఎడమచేతిలో కోల మాత్రం వెంట్రుకవాసి కదలడం లేదు. కోలకు కూడా చిన్న బుడగ ఉంటుంది, నిటారుగా ఉందో లేదో చూసుకోవడానికి. వాడి కళ్ళు దాని మీదే ఉన్నాయి. ఐదు నెలల్లో నేను దాన్ని ఎన్నిసార్లు చూసుంటానా అని లెక్క వేసుకుంటే, ఒక్కసారీ గుర్తురాలేదు. పొద్దున వచ్చిన రెండంగుళాల తేడా వాడి చేతిది కాదు, నాది. వాడికది తెలుసు. 'కదలాకన్నా' అన్నాడే తప్ప, వీపున దెబ్బలు పడుతున్నప్పుడు కూడా నా పేరెత్తలేదు.

"సున్నా పెట్టినావాప్పా?" అన్నాడు సారు పక్కనుంచి. పెట్టాను సార్ అన్నాను.

ఎర్రగుంట్లకు మిషను వాడి చేతికే ఇచ్చి పంపారు. మూడు నెలలు నేను కోల పట్టాను, నిటారుగానే పట్టాను. అమ్మకు ఆ సంగతి చెప్పలేదు. నిమ్మతోట నుంచి ఆ సాయంత్రం బస్సులో వస్తూ వీపు ఆనించలేక ముందుకు వంగి కూర్చుని, "అన్నా, ఈ పొద్దు మిషను బాగ పెట్టినావు" అన్నాడు వాడు. నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటే కుళ్ళూ వచ్చింది. మిషను నిలబెట్టడం ఎవడైనా నేర్చుకుంటాడు. ఎదుటివాడు బాగా చేశాడని అంత తేలిగ్గా, ఏ ముల్లూ లేకుండా అనడం వీడికి ఎవరు నేర్పారు?

ఇప్పుడు ఇద్దరికీ చెరొక మిషను ఉంది. నా చేతిలో కూడా నీటిబుడగ చెప్పిన మాట వింటుంది. మొన్న కర్నూలు వైపు పెద్ద సోలారు పనిని వాడు వంక పెట్టడానికి లేకుండా ముగించాడని విని, మెచ్చుకుందామని ఫోను చేశాను. ఎలా అనాలో ముందుగా రెండుసార్లు అనుకుని కూడా చూసుకున్నాను. వాడు ఫోనెత్తి "అన్నా" అన్నాడు. నేను గొంతు సవరించుకుని, "ఆ పక్క ఎండలు ఎట్లుండాయప్పా?" అన్నాను. అటువైపు నవ్వు వినిపించింది.

"శానా థాంక్సన్నా" అన్నాడు వాడు.