తువాలు పార్లమెంటులో మా పెద్దబాపు

తెలివంటే నోటికి రావడమే అని నేను గట్టిగా నమ్మిన రోజులు కొన్ని ఉన్నాయి. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, మేం చదువుకున్నప్పుడు పాఠం అర్థమైందా అని ఎవరూ అడగలేదు, వచ్చిందా అనే అడిగారు. వరంగల్‌లో మా సోషల్ సారు పుస్తకం ముందు పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవారు. ఎక్కడైనా ఒక 'మరియు' జారిపోతే ఠక్కున కళ్ళు తెరిచేవారు. ఆ కళ్ళు తెరుచుకోకుండా పది పేజీలు అప్పజెప్పిన ఘనురాలిని నేను. మా బాపు ఇంటికొచ్చిన ప్రతి చుట్టం ముందూ నన్ను నిలబెట్టి, "మా బిడ్డ ఏదడిగినా చెప్తది, అడుగుండ్రి" అనేవాడు. (ఏదడిగినా చెప్పేదాన్ని కాదు. మొదటి నుంచి మొదలుపెట్టనిస్తే చెప్పేదాన్ని. ఈ తేడా బాపుకీ తెలియదు, నాకూ తెలియదు. జర్మనీ వచ్చాక తెలిసింది.)

అప్పుడు నేను ఇల్మెనౌలో ఎమ్మెస్ రెండో ఏడాదిలో ఉన్నాను. చుట్టూ అడవి కొండలు, మధ్యలో చిన్న ఊరు, ఊరికి ఒక చివర మా యూనివర్సిటీ. అక్కడి క్యాంటీన్లో ఏ బల్ల దగ్గర చెవి పెట్టినా తెలుగే వినిపించేది కాబట్టి జర్మన్ నేర్చుకోవాల్సిన అవసరం మాకెవ్వరికీ పెద్దగా కనిపించలేదు. అవసరం బ్యోబ్లింగెన్ అనే ఊరి నుంచి వచ్చింది. అక్కడొక కంపెనీలో నాకు ఆరు నెలల ఇంటర్న్‌షిప్ దొరికింది. ఫోన్లో మాట్లాడినాయన మంచివాడే, ఒక్కటే షరతు పెట్టాడు: చేరే రోజుకి జర్మన్ బీ-వన్ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. పరీక్ష తప్పితే మళ్ళీ రాయడం ఆరు నెలల తర్వాతే. నేను చేసిన తెలివైన పనేమిటంటే, ఈ కబురును మా ఇంటి వాట్సాప్ గ్రూపులో షరతు తీసేసి పెట్టాను. బాపు ఆ సాయంత్రమే వాడకట్టంతా మైసూర్‌పాక్ పంచేశాడు. తిన్న మైసూర్‌పాక్‌ని ఎవరి దగ్గర వెనక్కి అడుగుతాం?

యూనివర్సిటీలోనే జర్మన్ క్లాసులో చేరాను, రాత పరీక్ష ఎలాగో గట్టెక్కింది. మిగిలింది రెఫరాట్, అంటే క్లాసు ముందు నిలబడి పది నిమిషాలు జర్మన్‌లో ఒక విషయం గురించి మాట్లాడటం. మా టీచరమ్మకి అరవై దాటి ఉంటాయి, ఎర్ర కళ్ళద్దాలు, ఎవరేం చెప్పినా "ఆఖ్ జో!" అనేది. మన "ఓహో, అలాగా!" అన్నమాట. అందుకే మేం ఆవిణ్ణి ఆఖ్‌జో మేడమ్ అనేవాళ్ళం. ఆవిడ మొదటి రోజే చెప్పింది: "కాగితం చూసి చదవకూడదు. బట్టీ పట్టి అప్పజెప్పినా మార్కు ఇవ్వను. మీరు నాతో మాట్లాడాలి." ఇందులో మొదటి వాక్యం విని నేను సంబరపడ్డాను. రెండోది బట్టీ సరిగా రానివాళ్ళ కోసం చెప్పిందనుకుని వదిలేశాను. తర్వాత చిన్న చిన్న దేశాల పేర్లు రాసిన చీటీలు ఒక టోపీలో వేసి అందరితో తీయించింది. నాకు పసిఫిక్ సముద్రంలో తువాలు అనే దేశం వచ్చింది. ఫోన్లో చెబితే బాపు, "తువ్వాల మీద పది నిమిషాలేం మాట్లాడ్తవ్ బిడ్డా?" అని నిజంగానే దిగులుపడ్డాడు.

ఆ దేశం గురించి చదువుతుంటే నాకు భలే ముచ్చటేసింది. తొమ్మిది దీవులు, అన్నీ కలిపినా మన మండలంలో ఒక మూలకి రావు. జనం పదివేల పైచిలుకు. నది లేదు, కొండ లేదు. కొన్నిచోట్ల నేల ఎంత సన్నమంటే ఇటు సముద్రం, అటు ఉప్పునీటి మడుగు, నడుమ ఒక రోడ్డు. ఇవన్నీ ముందు ఇంగ్లీషులో రాసుకున్నాను. నా రూమ్మేట్ గుంటూరమ్మాయి, నాకు రెండేళ్ళు సీనియరు. విదేశీయుల ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరక్క మన పిల్లలెవరైనా ఏడుస్తుంటే కంప్యూటర్ ముందు కూర్చుని ఎలాగో పట్టిచ్చేది గనక ఆమెకి టెర్మిన్ అక్క అని పేరు. ఆమె దాన్ని చక్కని జర్మన్‌లోకి మార్చి పెట్టింది. నేను మూడు వారాలు దాన్ని రుబ్బాను. వంటింట్లో, మెట్ల మీద, ఎర్ఫర్ట్ వెళ్ళే రైల్లో. ఒకరోజు పప్పు తాలింపు వేస్తూ అక్క విసుక్కుంది.

"ఏంటే తల్లీ, ఇవాళ ఇది ఇరవయ్యోసారి! ఇంకోసారి మొదలెట్టావంటే కుక్కర్ కూడా కూతెయ్యకుండా తువాలు అంటది. ఆవిడ బట్టీ వొద్దందిగా?"

"గది రానోళ్ళకక్కా. నాకు వస్తది గద."

"మధ్యలో ఏదన్నా అడిగితే ఏం చేస్తావ్?"

"ఎందుకడుగుతరక్కా? చెప్తున్నప్పుడు మధ్యల ఎవరన్న అడుగుతరా?"

పదేళ్ళ బడిలో నన్నెవరూ మధ్యలో ఆపలేదు మరి.

ఆ రోజు నల్ల కోటు వేసుకుని, అక్క బొట్టుపెట్టి పంపితే వెళ్ళాను. బోర్డు ముందు నిలబడి, గోడ గడియారం మీద కళ్ళు నిలిపి (మనుషుల్ని చూస్తే మర్చిపోతాం, అది అనుభవం), "జేర్ గెయేర్తె డామెన్ ఉన్డ్ హెరెన్" అని అందుకున్నాను. గౌరవనీయులైన మహిళలారా, మహాశయులారా అని. ఎదురుగా ఉన్నది పదకొండు మంది, అందులో ఇద్దరు చిప్స్ తింటున్నారు. బండి బ్రహ్మాండంగా సాగుతోంది. తొమ్మిది దీవులు అయిపోయాయి, నదులు లేవు అన్నాను. అంతే, "ఆఖ్ జో! మరి తాగే నీళ్ళెక్కడివి?" అంది మేడమ్.

నాకు తెలుసు. వాన నీళ్ళు. ప్రతి ఇంటికీ ఒక ట్యాంకు. కానీ అది ఏడో పేరాలో ఉంది, నేను రెండో పేరాలో ఉన్నాను. ఏడో పేరాకి అడ్డదారి లేదు. నోరు తెరిచాను, మూశాను, గడియారం వైపు తిరిగి, "జేర్ గెయేర్తె డామెన్ ఉన్డ్ హెరెన్" అని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. ఈసారి వేగం పెంచాను. నీళ్ళ దాకా చేరాను, పార్లమెంటులోకి అడుగు పెట్టాను, అక్కడ రాజకీయ పార్టీలే లేవు అన్నాను. ముందు వరసలో కూర్చున్న స్పెయిన్ గడ్డమబ్బాయి చెయ్యెత్తాడు. "పార్టీలు లేకపోతే ప్రభుత్వం ఎలా ఏర్పడుతుంది?" మహానుభావుడు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నేను మూడోసారి "జేర్ గెయేర్తె" అనేసరికి వెనకనుంచి నలుగురు నాతో గొంతు కలిపారు. "డామెన్ ఉన్డ్ హెరెన్" దగ్గరికి వచ్చేసరికి క్లాసంతా కోరస్.

మేడమ్ కళ్ళద్దాలు తీసింది. నవ్వలేదు. "ఇలా అప్పజెప్తే నేను మార్కు ఇవ్వలేను. నియమం అది, నీకు ముందే చెప్పాను. ఇంకా ఐదు నిమిషాలున్నాయి. నీ తలలో ఉన్న ఆ కాగితం తీసి ఈ బల్ల మీద పెట్టు. ఇప్పుడు నాతో మాట్లాడు," అంది.

బ్యోబ్లింగెన్ పోయింది, మైసూర్‌పాక్ మిగిలింది అనుకున్నాను. మా వాడకట్టులో ఒక్కొక్కరి ముఖమూ కళ్ళముందు తిరిగింది. అలా తిరిగిన ముఖాల్లో బాపు వాళ్ళన్న, మా పెద్దబాపు ముఖం దగ్గర ఎందుకో ఆగిపోయాను. స్పెయినబ్బాయి వైపు మొదటిసారి సూటిగా చూసి, నాకొచ్చిన ముక్కల జర్మన్‌లో, "మా ఇల్లు. మా ఇల్లు కూడా తువాలు," అన్నాను.

ఇంక ఏం మాట్లాడానో అంతా గుర్తే. మా ఇంట్లో పార్టీలు లేవు, అందరం చుట్టాలమే అన్నాను. తువాలు పార్లమెంటులో పదిహేను మంది, మా ఇంట్లో పెళ్ళి మాటలకి కూర్చునేది కూడా దాదాపు అంతమందే. మా పెద్దబాపు మధ్యలో మంచం మీద కూర్చుని ఒకరి తర్వాత ఒకరిని మాట్లాడమంటాడు, ఆయన స్పీకరు. చిన్నాయన పెళ్ళిలో బగారా అన్నమా పులిహోరా అన్న దగ్గర గొడవొచ్చింది. బగారా వైపు ఎక్కువమంది ఉన్నారని బాపు పెత్తనం చేస్తున్నాడు. మధ్యాహ్నం చాయ్ తర్వాత మా చిన్నమ్మ ఒక్కతి బగారా వైపు నుంచి లేచి పులిహోర వైపు వచ్చి కూర్చుంది, అంతే, బాపు సర్కారు పడిపోయింది. తువాలులో ప్రధానులు అలాగే మారతారు అన్నాను. స్పెయినబ్బాయి పగలబడి నవ్వాడు. "మరి రాణి?" అంది మేడమ్. ఆ రోజుల్లో బ్రిటన్ రాణే వాళ్ళకీ రాణి. "మా నాయనమ్మ," అన్నాను. "హైదరాబాద్‌లో ఉంటుంది. ఏ మాటలకీ రాదు, ఏమీ అనదు. కానీ పెళ్ళిపత్రిక మీద మొదటి పేరు ఆమెదే. ఆమె తరఫున మా మేనత్త వచ్చి కూర్చుంటుంది. మేనత్త గవర్నర్ జనరల్." విమానాశ్రయం గురించి కూడా చెప్పాను. వారానికి ఏవో కొన్ని విమానాలే వస్తాయి గనక సాయంత్రం పిల్లలూ పెద్దలూ రన్‌వే మీదే ఆడుకుంటారు, సైరన్ మోగితే పక్కకి జరుగుతారు. మా గల్లీలో "బండొస్తుందిరో" అని అరిస్తే క్రికెట్ ఆపి వికెట్లు పక్కన పెట్టినట్టే. జర్మన్‌లో ప్రతి నామవాచకం ముందూ దాని లింగాన్ని బట్టి పెట్టాల్సిన డెర్, డీ, డాస్‌లను ఎక్కడ పడితే అక్కడ చల్లాను. క్రియలు వాక్యం చివర ఉండాల్సినవి మొదట్లో, మొదట ఉండాల్సినవి అసలు లేవు.

చివరికి మేడమ్ మెల్లగా అడిగింది. "సముద్రం పైకి వస్తోందంటున్నారు కదా. వాళ్ళు ఎక్కడికి వెళ్తారు?"

దీనికి నా దగ్గర ప్రపంచ దేశాల బాధ్యత గురించి టెర్మిన్ అక్క రాసిచ్చిన బంగారం లాంటి వాక్యం ఉండేది. అది గుర్తు రాలేదు. "ఎందుకు వెళ్తారు? వాళ్ళ ఊరు అది," అన్నాను. కొంచెం ఆగి, "నేను ఇంత దూరం ఎలా వచ్చాను? వెనక్కి వెళ్ళడానికి మా ఇల్లు అక్కడ ఉంది, అందుకే రాగలిగాను. ఇల్లే లేకపోతే రావడం కాదు అది," అన్నాను. అనగానే, ఎక్కడ దాచుకున్నానో ఏమో, రెండేళ్ళ ఏడుపు అందరి ముందూ ఒక్కసారి బయటపడింది. చిప్స్ తింటున్నవాళ్ళు ప్యాకెట్ కింద పెట్టారు. మేడమ్ టిష్యూ పెట్టె నా వైపు జరిపి, ఆ రోజులో అతి చిన్న గొంతుతో "ఆఖ్ జో" అంది.

పాసయ్యాను. అంచు మీద నిలబడ్డ పాసు, ఒక్క మార్కు తగ్గినా పడిపోయేదాన్ని. మార్కుల కాగితం కింద ఆవిడ తన చేత్తో, "వ్యాకరణం బలహీనం. పెద్దనాన్న అద్భుతం" అని రాసింది. టెర్మిన్ అక్క ఆ కాగితం చూసి, "నేను మూడు రాత్రులు కూర్చుని రాసిందానికి మార్కు లేదు గానీ మీ పెద్దబాపుకి అద్భుతమా! ఏం దేశమే ఇది!" అని నెత్తి కొట్టుకుంది. ఇంట్లో మాత్రం బాపు, "నేన్ చెప్పలే? మా బిడ్డకు అంత నోటికస్తది," అని ఇంకో విడత మైసూర్‌పాక్ పంచాడు. నేనూ కాదనలేదు.

ఇప్పుడు నేనుండేది ఆ బ్యోబ్లింగెన్‌లోనే. మా అమ్మాయి నాలుగో తరగతి. మొన్న వాళ్ళ క్లాసులో చిన్న దేశాల మీద రెఫరాట్ చెప్పమన్నారట. "నాకు తెలుసు ఒక దేశం!" అని ఎగిరి గంతేసి, పొయ్యి కట్టేసి, వంటింట్లోనే నిలబడి "జేర్ గెయేర్తె డామెన్ ఉన్డ్ హెరెన్" అందుకున్నాను. పన్నెండేళ్ళయినా ఒక్క అక్షరం జారలేదు. "మామా, ఆగు, అక్కడి పిల్లలు బడికి ఎలా వెళ్తారు?" అని జర్మన్‌లో అడిగింది. (ఇక్కడి పిల్లలకి అమ్మంటే 'మామా'.) నేను నోరు తెరిచాను, మూశాను, మళ్ళీ "జేర్ గెయేర్తె" అన్నాను. అది నేల మీద పడి దొర్లి దొర్లి నవ్వింది.

తర్వాత కూర్చోబెట్టి మిగతా కథంతా చెప్పాను. అరచేతిలో పట్టే అట్టముక్కలు ఐదు తెచ్చుకుంది. ఒక్కో దాని మీద ఒకటి రెండు మాటలే రాసుకుంది, అంతకంటే ఎక్కువ రాయకూడదట. నాలుగో దాని మీద "పార్లమెంటు: పెద్దబాపు" అని ఉంది. పెద్దబాపు పోయి మూడేళ్ళవుతోంది. అది ఆయన్ని ఫోన్లో తప్ప చూడలేదు. ఆ అట్టముక్కని చేతిలోకి తీసుకుని ఇంకోసారి చదివి, మళ్ళీ దానికే ఇచ్చేశాను. "మామా, నువ్వు టీచర్‌లా మధ్యలో ఆపి అడుగు," అని అది హాల్లో నిలబడి మొదలుపెట్టింది. దీవులయ్యాయి, వాన నీళ్ళయ్యాయి, మంచం మీద స్పీకరు వచ్చాడు. అప్పుడు ఆపాను. "సముద్రం పైకొస్తోందట కదా, వాళ్ళు ఎక్కడికి వెళ్తారు?"

"ఎక్కడికీ వెళ్ళరు. వాళ్ళ ఇల్లు అక్కడే కదా," అంది కనురెప్ప కూడా వాల్చకుండా. డెర్, డీ, డాస్ అన్నీ ఎక్కడివక్కడ పడ్డాయి. ఆ జవాబు కోసం ఒకప్పుడు ఒక వరంగల్ పిల్ల మూడుసార్లు మొదటి నుంచి ఎత్తుకుని, చివరికి టిష్యూ పెట్టె ఖాళీ చేసింది. మా అమ్మాయి అట్టముక్క తిప్పి, ఆగిన చోటి నుంచే మొదలుపెట్టింది.