చెయ్యి తియ్యి మాస్టారు

మనిషి తన చేత్తో వెబ్‌సైట్‌ను ముట్టుకోవడం, ఆఫీసులో అందరం మాస్టారని పిలిచే మా సీనియర్ దృష్టిలో మహాపాపం. బస్సుల వేళలు చూపించే మా కంపెనీ సైట్‌లో ఒక్క కామా మార్చాలన్నా, కోడ్‌ను ఆయన రాసిన ప్రోగ్రాముకు, మా భాషలో మిషన్‌కు, అప్పగించి చేతులు కట్టుకుని కూర్చోవాలి. పేజీలు తయారుచేసేది అదే, తనిఖీ చేసేది అదే, జనం ముందు పెట్టేది అదే. ఎవరైనా సర్వర్ జోలికి వెళితే వెనకనుంచి "చెయ్యి తియ్యి" అని వినిపిస్తుంది. ఆయనకు ఆ పేరే స్థిరపడిపోయింది.

చేరిన వారంలోనే నాకు ఒళ్ళు మండింది. ఒక ఫోన్ నంబరులో ఒక్క అంకె మార్చడానికి ఇరవై రెండు నిమిషాలు. ఆ పేజీలో ఎవరో ఎప్పుడో పెట్టిన బొమ్మ ఫైలు బరువెక్కువని మిషన్ నన్ను రెండుసార్లు వెనక్కి పంపింది.

"మాస్టారూ, సర్వర్‌లో నేనే మార్చేస్తానండీ. అర నిమిషం పని."

"చెయ్యి తియ్యమ్మా."

"ఒక్క అంకేనండీ."

"ఒక్క అంకేగా, మిషన్‌కి మాత్రం బరువా?"

ఆయనది ఇంట్లోనూ ఇదే వరస. ఆయన భార్య ఒకసారి ఆఫీసుకొచ్చి నా దగ్గర వాపోయింది. "వాషింగ్ మిషన్ తిరుగుతుంటే ఇంకో రుమాలు వెయ్యనివ్వరు. వేస్తే మళ్ళీ మొదట్నుంచీ తిప్పమంటారు. ఈ మనిషితో ఎలా వేగేది?"

ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళ వల్ల సైట్‌లో తప్పు దొర్లితే ఉద్యోగం ఊడుతుందని మా నియామక పత్రంలోనే ఉంది. మా ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. అయిదో నెలలో ఉదయం ఆరుంపావు బస్సును సాయంత్రం అని టైపు చేశాను. కామాలకు కాళ్ళడ్డం పెట్టే ఆ మహా మిషన్ దీన్ని మాత్రం చక్కగా జనం ముందు పెట్టింది. సాయంత్రం నలభై మంది స్టాండులో నిలబడి మమ్మల్ని నోరారా తిట్టారు.

తప్పు ఎవరిదో రాసి మేనేజరుకు పంపేది కూడా మిషనే. మర్నాడు నా సామాను సర్దుకుని కూర్చున్నాను. పిలుపు రాలేదు. రిపోర్టు తెరిచి చూస్తే, నా పేరుండాల్సిన చోట మాస్టారి పేరుంది. పాతవి తిరగేశాను. నాలుగేళ్ళుగా కొత్తవాళ్ళ తప్పులన్నీ ఆయనవే. ప్రొబేషన్‌వాళ్ళ తప్పయితే తన పేరు రాయమని మిషన్‌కు ఆయనే నేర్పారు. చేత్తో మారిస్తే మాత్రం, మార్చినవాళ్ళ పేరే సర్వర్‌లో పడుతుంది, ఆయన అడ్డుపడే దారి లేదు.

నాకు కోపం నషాళానికంటింది. మాస్టారి బల్ల దగ్గరికి వెళ్ళాను.

"నా తప్పు మీ నెత్తిన వేసుకోమని ఎవరు చెప్పారండీ?"

"ఉదయానికీ సాయంత్రానికీ తేడా కనిపెట్టలేకపోయింది నా మిషనేగా. పొద్దున్నే నేర్పించాను. ఇక పట్టుకుంటుంది. వెళ్ళి పని చూసుకోమ్మా."

ఎవరి జాలీ నాకక్కర్లేదు. తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళి, "ఆ బస్సు తప్పు నాదండీ" అన్నాను.

మేనేజరు తలెత్తకుండానే సొరుగు లాగి ఆరు కాగితాలు బల్లమీద వేశారు. అన్నీ ఇలాంటి ఒప్పుకోళ్ళే.

"మీరు ఏడోవారు. రిపోర్టులో మాస్టారి పేరు కనిపిస్తే, కొత్తవాళ్ళెవరో కంగారులో ఉన్నారని నాకు తెలిసిపోతుంది. మీరూ ఒకటి రాసిచ్చి పనిలోకి వెళ్ళండి. ఆయనకి మాత్రం చెప్పకండి. నా కళ్ళు కప్పుతున్నానని పాపం ఎంతో సంతోషంగా ఉన్నారు."