ఎండబెట్టింది ఎవరు

మా సహకార సంఘం ఎండు చేపల ప్యాకెట్ల మీద క్యూఆర్ కోడ్ అచ్చు వేయించిన రోజుల్లో, కళింగపట్నం మొత్తానికి నాకంటే తెలివైనవాళ్ళు లేరని గట్టిగా నమ్మాను. ఆ కోడ్‌కి ఫోన్ చూపిస్తే చేప ఎవరు పట్టారు, ఎవరు ఎండబెట్టారు, ఏ లారీలో వెళ్ళింది, అన్నీ కనిపిస్తాయి. దీన్ని బ్లాక్‌చైన్ అంటారు. ఒకసారి ఎక్కించిన మాట ఎన్నో కంప్యూటర్లలో ఒకేసారి ఉండిపోతుంది, ఇక ఎవరూ చెరపలేరు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెరిగేది. వివరాలు ఎక్కించే పని నాదే మరి.

మొదటి ప్యాకెట్ పట్టుకుని నేరుగా మా పిన్ని ఇంటికి వెళ్ళాను. అందులోవి ఆవిడ ఎండబెట్టిన నెత్తళ్ళే. వాకిట్లో పిన్ని ఇంకో వాయి తిరగేస్తోంది, బాబాయి పక్కన కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ఫోన్ తీసి గర్వంగా చదివాను. పట్టింది బాబాయి. ఎండబెట్టింది బాబాయి.

పిన్ని చెయ్యి ఆగిపోయింది.

"ఏటే గుంటా, ఏటి సదివావు?"

బాబాయి పకపకా నవ్వాడు. పిన్ని నవ్వలేదు.

"ఇసక పోయేలా కడిగింది నాను. ఎండలో నిలబడి తిరగేసింది నాను. మద్దిన ఆయన పేరేటి? తీసెయ్యి."

పడవ కాగితాలు బాబాయి పేరున ఉన్నాయి కదా అని అన్నిచోట్లా అదే పేరు ఎక్కించేశాను. చిన్నప్పటి నుంచి ఆవిడ చేతి నెత్తళ్ళు తిని పెరిగినదాన్ని, ఒక్క క్షణం ఆలోచించలేదు. చచ్చేంత సిగ్గేసింది. తీయడం కుదరదని చెప్పడానికి ఇంకా సిగ్గేసింది.

"సెరపలేవా? మరేటి గొప్పే నీ యంత్రం? నా పేరు లేకపోతే రేపట్నుంచి మీకివ్వను. సంతలో అమ్ముకుంటాను."

అన్నదంటే చేసే మనిషే. కంగారుగా ఆఫీసుకి ఫోన్ చేశాను. పాతది అలాగే ఉంటుంది, కింద సవరణ చేర్చవచ్చు, అయితే ఎవరి పేరు తప్పుగా పడిందో ఆ మనిషే తన ఫోన్‌లోంచి కారణం చెప్పి ఒప్పుకోవాలి అన్నారు.

"నానేటి సెప్తానే? నాను రాయలేదు కదా," అని బాబాయి గొణిగాడు.

పిన్ని నెత్తళ్ళ గంప ఎత్తి ఇంట్లో పెట్టేసింది. బాబాయి కాసేపు వల కేసి, కాసేపు గుమ్మం కేసి చూశాడు. చివరికి తన ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, పడవ మీంచి ఒడ్డుకి కేకేసినట్టు చెప్పాడు. ఒక్క అక్షరం దిద్దకుండా ఎక్కించాను.

ఇప్పుడు ఆ ప్యాకెట్ ఏ ఊళ్ళో ఎవరు కొన్నా, బాబాయి పేరు కింద పిన్ని పేరు, దాని కింద బాబాయి మాట కనిపిస్తాయి. "ఎండబెట్టింది మా ఇంటిది. నాకు పట్టడమే వచ్చు, ఎండబెట్టడం రాదు. నాను ఎండబెడితే కుక్కలు కూడా ముట్టవు."

మర్నాడు ఫోన్ చూపించి, "నీ పేరు సరిగ్గా పడిందా పిన్నీ?" అని అడిగాను. పేరు కేసి చూడను కూడా చూడలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని నా పక్కన చతికిలబడింది.

"పేరు సర్లే. ఆ 'రాదు' అన్న కాడ సదువు. ఆయనకి ఇనపడేలాగ."