ఏనుగునిచ్చి గెలిచిన ఆట

మా అక్కను పిట్లంల ఇచ్చిన్రు. నాకు చెస్ నేర్పింది బావనే. తొమ్మిదో తరగతిల మొదలైన ఆట, నేను బాన్సువాడల లెక్కల టీచరునై ఇన్నేండ్లైనా ఆగలే. ఆదివారం ఇద్దరూ బస్సెక్కి మా ఇంటికొస్తరు. అక్క నా బీరువ సదురుతుంటే మేం ఆటకు కూసుంటం.

ఒకప్పుడు నేను మంచి ఎత్తు వేస్తే బావ తొడ చరిచి "అబ్బ, ఏం కొట్టినవే!" అనేటోడు. ఆ మాట కోసం వారమంతా చూసేదాన్ని. ఫోన్ల చెస్ ప్రోగ్రాం వచ్చినంక అది బందైంది. ఆట అయిపోంగనే ఎత్తులన్నీ ఫోన్ల కొడ్తడు. అది మెచ్చుకుంటేనే ఆయన మెచ్చుకుంటడు.

మొన్న ఎండకాలంల ఒక ఆట. ఇద్దరికీ చెరో ఏనుగు మిగిలింది. బావకు ఒక గుర్రం ఎక్కువ. నా బంట్లు రెండు పక్కపక్కన ఐదో వరుసకు చేరినయి. వాటిని ఆపనీకె ఎదురుంగ గని, పక్కలకు గని బావ బంటు ఒక్కటి లేదు. ఆయన రాజు ఆ చివర్న ఉన్నడు, నా రాజు నా బంట్ల పక్కనే ఉన్నడు. కానీ గుర్రం వచ్చి నా బంట్ల ముందు కూసుంటే నా పని ఖతం. చానాసేపు లెక్కేసుకొని ఏనుగుతోని ఆ గుర్రాన్ని కొట్టిన. బావ అవతలి దిక్కున్న బంటుతోని నా ఏనుగును తీసేసి నవ్విండు. ఆ తర్వాత రెండు బంట్లను ఆయన ఒంటి ఏనుగు ఆపలేకపోయింది. ఒకదాన్ని కొడ్తే ఇంకోటి చివరి గడికి పోయి మంత్రైంది. బావ ఓడిన అన్నడు.

ఆయన నోటి దిక్కు చూస్తున్న. ఆయన ఫోన్ తీసిండు.

"గీ ఏనుగు ఇచ్చుడు పెద్ద తప్పంట," అన్నడు ఎర్ర గుర్తు చూపెట్టి. "నేను గెలిచే ఆటనంట. తర్వాత నేనే యాడ్నో తప్పాడి ఆగమైన."

"యాడ ఆగమైనవో చూపెట్టు."

"నాకేం ఎర్క? ఫోన్ చెప్తుంది గద."

"అంటే నేను గెలువలే, నువ్వు ఓడిపోయినవ్. గంతేనా?"

"కోపమెందుకే? దానికి నీ మీద పగనా?"

అది ఎందుకట్ల చెప్తుందో నాకు తెలుసు. బావ దాన్ని రెండు సెకన్లల జవాబు చెప్పేటట్టు పెట్టుకున్నడు. అంత తొందర్ల ఆ చిన్న ప్రోగ్రాం కొన్ని ఎత్తుల దూరమే చూసి, అక్కడ ఆగి, ఎవరి దగ్గర ఏమున్నయో లెక్కపెడ్తది. నా బంటు మంత్రయ్యేది ఆ చూపుకు అవతల. దానికి కనపడేది పోయిన ఏనుగే. పైగా ఏనుగు పోయే దారి దండుగ అనుకొని లోతుకు పోకుండనే వదిలేస్తది. బళ్ళె పిల్లలకు చెప్పినట్టు ఇదంతా మెల్లగ చెప్పిన. బావ తలూపిండు గని కండ్లు ఫోన్ మీదనే ఉన్నయి.

"సరే, నీ దిక్కు దాన్నే ఆడమను," అన్న.

ఏనుగు ఇచ్చిన కాడికెళ్ళి మళ్ళ మొదలుపెట్టినం. నేను బంట్లు జరుపుతున్న. మొదట్ల, ఎవరిది పైచెయ్యో చెప్పే అంకెల, అది తనే గెలుస్తున్నట్టు చూపెట్టింది. ఒక బంటు ఏడో వరుసకు రాంగనే అంకె తిరగబడ్డది.

"చూసినవా!" అని అరిచిన.

"చూసిన. నువ్వే గెలుస్తున్నవని చెప్తుంది గద! ఫోన్ అబద్ధం చెప్పదే," అన్నడు బావ సంబురంగ.

నాకు ఏడుపొచ్చింది. అక్క బట్టలు మడతపెట్టుకుంటనే, "పిల్ల మంచిగాడింది అనరాదు?" అన్నది.

"అన్న గద," అన్నడు. ఆయన అనలే.

మరుసటి ఆదివారం ఫోన్ అక్క సంచిల పెట్టించిన. బావ ఎత్తెత్తుకూ జేబు తడుముకుంటుండు. ఎంత ధైర్యంగ ఆడే మనిషి, బంటు జరుపనీకె భయపడ్తుండు. ఆట సగం కాకముందే బస్సు టైమైందని లేచిండు.

ఆ ఏనుగు ఎత్తు నీకెట్ల అనిపించింది బావా అని సూటిగ అడగాలని ఉంటది. అడిగితే మళ్ళ ఫోన్ తీస్తడని అడుగుతలేను.