ధ్రువీకరణలో చివరి వాక్యం

లొరేన్ వోసిక ఇరవై ఆరేళ్లుగా ఇతరుల మాటలను యథాతథంగా రాసిపెట్టి బతుకుతున్నది. ఆమె ముందుండే చిన్న యంత్రానికి ఇరవై రెండు మీటలే ఉంటాయి. నాలుగైదింటిని ఒకేసారి నొక్కితే ఒక మాట, అలవాటైన చోట ఒక పూర్తి వాక్యం, తెరమీద పడుతుంది. తరచుగా వచ్చే ప్రతి వాక్యానికీ ఆమె ఒక్కొక్క నొక్కుడు కేటాయించుకున్నది. తాను అందించే ప్రతి రాతప్రతికీ ఆమె ధ్రువీకరణ జతచేస్తుంది; దాని చివరి వాక్యం అలాంటిదే: “ఈ వ్యవహారంలో ఎవరికీ నేను బంధువును కాను; దీని ఫలితంలో నాకు ఎలాంటి ప్రయోజనమూ లేదు.” ఆరు మీటలు, ఒక్క నొక్కుడు. అమెరికాలోని ఒమాహా కోర్టుల్లో ఆ వాక్యం కింద ఆమె సంతకం కొన్ని వేలసార్లు పడింది. ఒక్కసారీ అబద్ధం కాలేదు.

మార్చి పదకొండు, మంగళవారం మధ్యాహ్నం, లా కాలేజీలో ఇద్దరు పండితుల వాదం ఉన్నదనీ, దాన్ని తమ పత్రికలో అచ్చువేస్తారనీ చెప్పి ఆమెను రాయడానికి పిలిచారు. వలసచట్టం అమలులో అధ్యక్షుడి అధికారం ఎంతవరకు అన్నది విషయం. ఆమె వెంటనే ఒప్పుకున్నది. కారణం పదమూడో తేదీ, గురువారం. ఆ ఉదయం ఎనిమిదిన్నరకు ఆమె భర్త ఎలీసియో వలస కార్యాలయానికి హాజరు కావాలి.

ఎలీసియో పంతొమ్మిదో ఏట గ్వాటెమాలా నుంచి వచ్చాడు. విచారణ నోటీసు పాత చిరునామాకు పోవడంతో, అతడు లేకుండానే అతణ్ణి దేశం నుంచి పంపివేయాలని తీర్పు వచ్చింది. లొరేన్‌తో వివాహం ఆ తీర్పును చెరపలేకపోయింది. అయితే పద్నాలుగేళ్లుగా అధికారులు దాన్ని అమలు చేయలేదు. ఏటా మార్చిలో ఆ కార్యాలయానికి వెళ్లడం, కాగితంమీద ముద్ర వేయించుకోవడం, తిరిగివచ్చి బడుల్లో బాయిలర్లు బాగుచేసుకోవడం. ఇలా అమలు ఆపి ఉంచడానికి చట్టంలో పేరు విచక్షణ. ఈ ఏడు మాత్రం ముద్రకోసం లోపలికి వెళ్లినవారిలో కొందరు బయటికి రావడం లేదు.

మంగళవారం ఉదయం ఆమె అతడి ఎదుట కాఫీ పెట్టి, “గురువారం వెళ్లొద్దు ఎలీ,” అన్నది.

“పద్నాలుగేళ్లు పిలిచినప్పుడల్లా వెళ్లినవాణ్ణి. ఇప్పుడు దాక్కుంటే, ఇన్నాళ్లూ నేను దొంగనేనని నా నోటితో ఒప్పుకున్నట్టు కాదూ?” అతడు రొట్టెను కాఫీలో ముంచాడు. “ఎలాగూ ఇవాళ ఆ పండితుల దగ్గరికే పోతున్నావుగా. ఎక్కడైనా సందు కనిపిస్తే చెప్పు, దూరిపోతా.”

“జోకులా ఇప్పుడు?”

“మరేం, ఏడవమంటావా? బాయిలర్లవాడు ఏడిస్తే తుప్పుపడతాడు లోరీ.”

వాదం తొంభైనాలుగు నిమిషాలు సాగింది. ఎవరిమీద చట్టం అమలు చేయాలో, ఎవరిని వదలాలో అధ్యక్షుడి ఇష్టమనీ, ఏ కోర్టూ అందులో వేలుపెట్టడానికి వీల్లేదనీ ప్రొఫెసర్ హాల్వర్‌సన్ వాదించాడు. శాసనసభ ‘పంపవలెను’ అని రాసినచోట ‘పంపవచ్చు’ అని చదువుకునే హక్కు అధ్యక్షుడికి లేదని ప్రొఫెసర్ ఇడా పెల్‌గ్రిన్ ఎదురుతిరిగింది. ‘వలెను’కూ ‘వచ్చు’కూ మధ్య వాళ్లు నలభై నిమిషాలు కత్తులు దూశారు. లొరేన్ వేళ్లు అన్నిటినీ అందుకున్నాయి. తనకు కావలసిన మాట మాత్రం ఇంకా రాలేదు.

చివరికి వెనకవరుసలో ఒక విద్యార్థిని లేచింది. “ఒక మనిషిని ఏళ్లతరబడి వదిలేశారనుకుందాం. ఒకరోజు హఠాత్తుగా పట్టుకున్నారు. ఎందుకని అతను ఎవర్ని అడగాలండీ?”

“అడగలేడు,” అన్నాడు హాల్వర్‌సన్. “అది ప్రభుత్వం చూపిన దయ. దయకు హక్కుదారు ఉండడు.”

“నా లెక్కలో ఆ దయే చట్టవిరుద్ధం. కాబట్టి అసలే అడగలేడు,” అన్నది పెల్‌గ్రిన్.

“చూశారా, గంటన్నరకి మా ఇద్దరికీ ఒకచోట కుదిరింది!” అన్నాడు హాల్వర్‌సన్.

హాలంతా నవ్వింది. నవ్వితే దాన్ని కూడా రాయాలి. లొరేన్ రాసింది: (నవ్వులు).

రాసే మనిషి ఆ గదిలో ఉన్నా లేనట్టే. నోరు విప్పడానికి ఆమెకు ఉన్న సందర్భం ఒక్కటే, మాట వినబడకపోవడం. లొరేన్‌కు స్పష్టంగా వినబడింది. అయినా చెయ్యెత్తింది.

“క్షమించండి ప్రొఫెసర్, వినబడలేదు. ‘అడగలేడు’ అన్నారా, ‘అడగకూడదు’ అన్నారా?”

హాల్వర్‌సన్ మైకుకు దగ్గరగా వంగాడు. “అడగలేడు, మేడమ్. అడిగే దారే లేదు.”

మళ్లీ కొందరు నవ్వారు. ఆమె అది కూడా రాసింది.

ఇంటికి రాగానే ఎలీసియో అడిగాడు. “ఏమంటారు మీ పండితులు?”

“ఒక్క విషయంలో ఇద్దరూ ఒప్పుకున్నారు.”

“ఏ విషయంలో?”

“నీ విషయంలో.”

అతడు పద్నాలుగు ముద్రలున్న కాగితాలను ఫైలులో తేదీల వరుసన సర్దుకున్నాడు.

గురువారం ఆమె వలస కార్యాలయం నడవాలో నలభైరెండు నిమిషాలు కూర్చున్నది. తలుపు తెరిచి ఒక యువ అధికారి ఎలీసియో ఫైలునూ, బెల్టునూ, బూట్ల లేసులనూ ఆమె చేతిలో పెట్టాడు.

“నిర్ణయం మాది కాదు మేడమ్. పైనుంచి వచ్చింది. మీరేమైనా అడగాలనుకుంటే...”

“లేదు,” అన్నది లొరేన్. జవాబు ఆమె రాసిన వాదంలోనే ఉన్నది: అరవై ఒకటో పుట, తొమ్మిదో పంక్తి.

ఎనిమిదో రోజున ఎలీసియోను గ్వాటెమాలా విమానం ఎక్కించారు. పదోరోజున ఆమె రాతప్రతి పంపింది. ఆ మధ్యాహ్నమే పత్రిక కార్యాలయం నుంచి ఫోను వచ్చింది.

“మేడమ్, మీ ధ్రువీకరణలో చివరి లైను ఎగిరిపోయిందండీ. మీరు కూడా పొరపాటు చేస్తారా!” అని ఎవరో యువతి సరదాగా అన్నది.

“అది లేకుండా వేసుకోలేరా?”

“ఊఁహూఁ, అది లేనిదే అచ్చుకి ఒప్పుకోరండీ. ఏముంది, ఊరికే రివాజు. ఇదేమన్నా కేసా, ఫలితమంటూ ఉండటానికి? డిబేటేగా!”

ఫోను పెట్టేసి లొరేన్ యంత్రం ముందు కూర్చున్నది. ఆ వాక్యం లేకపోతే అరవై ఒకటో పుట ఎక్కడా మిగలదు. ఆ ప్రశ్న మిగలదు, ఆ జవాబు మిగలదు, వాటి కింద రెండుసార్లు పడిన నవ్వులు మిగలవు. ఎలీసియో ఎవరినీ అడగలేడని ఇద్దరు విద్వాంసులు అంగీకరించినట్టు ఈ దేశంలో ఉన్న కాగితం అదొక్కటే.

సంతకం పెట్టవలసిన చోటికి వెళ్లి ఆమె వేళ్లు ఆరు మీటలమీద ఉంచింది. ఇరవై ఆరేళ్ల అలవాటు కాబట్టి చూడనవసరం లేకపోయింది.

ఒక్క నొక్కుడు. ఎవరికీ తాను బంధువును కానని తెరమీద పడింది.