మంచి క్లోజర్

ఇది ఒక వంశగాథ. ఇందులో బంగారం ఉంది, పాతాళం ఉంది, తండ్రీకొడుకుల యుద్ధం ఉంది. అబద్ధం కాదు గానీ, బంగారం నేను పుట్టేనాటికే అయిపోవచ్చింది, పాతాళంలో ఇప్పుడు నీళ్లు నిండాయి, యుద్ధం బ్యాంకు కౌంటర్ ముందు పది నిమిషాలు జరిగింది. మిగిలింది ఒక హోమ్ లోన్.

మా నాన్న మా ఊరి బంగారు గని ఆఫీసులో గుమాస్తా. గని మూతపడేనాటికి ఆయనకు నలభై ఆరేళ్లు. స్వచ్ఛంద పదవీ విరమణ కాగితం మీద అందరితోపాటు సంతకం పెట్టారు. ఊరు ఊరంతా ఒక్కసారే ఇంత స్వచ్ఛందంగా ముందుకు రావడం నేను ఇంకెక్కడా వినలేదు. వచ్చిన డబ్బులో కొంత మా చదువులకు పోయింది, మిగతాది ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పడింది. మా ఇంట్లో దాన్ని డిపాజిట్ అనరు, 'సెటిల్‌మెంట్' అంటారు. ఆ మాట వచ్చినప్పుడు గొంతు కాస్త తగ్గిస్తారు.

నేను మా ఊరి దగ్గరే ఉన్న నరసాపురంలో మోటారు బండ్ల ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తాను. ఇరవై ఎనిమిదో ఏట మా ఊళ్లోనే ఆండర్సన్‌పేటలో రెండు గదుల ఇల్లు కొన్నాను, ఇరవై ఏళ్ల లోన్‌తో. కంపెనీ బస్సులో ఫోన్ చూస్తూ, అప్పు తొందరగా తీర్చేసి నలభై అయిదుకే రిటైర్ కావాలని తీర్మానించుకున్నాను. ఆ సంగతి నాన్నకు చెప్పాను.

"నేను నలభై ఆరుకే అయినాను కదప్పా," అన్నారు. "ఏం సుఖపడినాను?"

మూడేళ్లు గడిచాయి. వడ్డీ రేట్లు పెరిగాయని ఆఫీసులో అందరూ తల పట్టుకుంటే నాకు నవ్వొచ్చింది. నేను నెలనెలా కట్టే కంతు ఒక్క రూపాయి పెరగలేదు. నాది ఫ్లోటింగ్ రేటని తెలుసు. తేలేదే కదా, మునగదు అనుకున్నాను. ఒకరోజు స్టేట్‌మెంట్ తీసి చూస్తే, బ్యాంకువాళ్లు కంతు పెంచకుండా గడువు పెంచుకుంటూ పోయారు. టెన్యూర్ అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఆఖరి కంతు కట్టేనాటికి నాకు అరవై ఒకటి. మా కంపెనీ యాభై ఎనిమిదికే ఇంటికి పంపిస్తుంది.

నాన్న ఆ స్టేట్‌మెంట్‌ను రెండు రోజులు తిరగేశారు. మూడోరోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు.

"పద. సెటిల్‌మెంట్ తీసి అప్పుకు కట్టేద్దాం. గని క్వార్టర్స్ ఒకసారి ఖాళీ చేసినాము, చాలు."

బ్యాంకులో కౌంటర్ వెనక ఉన్న మేడం, గడువుకు ముందే డిపాజిట్ తీసుకునే ఫారం ఇచ్చింది. నాన్న గుమాస్తా కదా, పైనుంచి కిందికి చదవనిదే సంతకం పెట్టరు. పైనే ఆగిపోయారు.

"ఇదేంది, ప్రీమెచ్యూర్ క్లోజర్ అని ఉండాది?"

"డిపాజిట్‌ క్లోజర్ నాన్నా. ఇది మంచి క్లోజర్."

"మా ఆఫీసరూ అట్లే చెప్పినాడు."

"ఒట్టి పేరే సార్," అంది మేడం. "అందరూ సంతకం పెడతారు."

"అప్పుడూ అందరూ పెట్టినారమ్మా."

మా ఊళ్లో క్లోజర్ అనే మాటకు ఒక్కటే అర్థం, గని మూత. నాన్న పెన్ను కాగితానికి ఆనించారు. చుక్క పడింది, అక్షరం పడలేదు.

"మూయకుండా మిగిలింది ఇదొక్కటే రా," అన్నారు నాతో. "ఇంగ దీన్ని కూడా నా చేత్తోనే మూయించొద్దు."

ఫారం నేనే మడిచి జేబులో పెట్టుకున్నాను. నా అప్పు తీరేనాటికి ఆయనకు తొంభై తొమ్మిది. ఆ లెక్క గుమాస్తాకు తెలియదా?

బయటికి వస్తుంటే మేడం వెనక్కి పిలిచింది. నేను ఆశగా వెళ్లాను.

కంతు ప్రతి నెలా అయిదో తేదీన కట్ అవుతుందట. అయిదు ఆదివారమైతే, ఆరున.