రాని ఉద్యోగానికి కృతజ్ఞత కూడిక

మా అమ్మ నాకు ఉద్యోగం వచ్చిందని గుడిలో సాక్ష్యం చెప్పిన ఆదివారం నాటికి నాకు ఏ ఉద్యోగమూ లేదు. ఉన్నది కూడా ఊడి అప్పటికి కొన్ని నెలలైంది.

అంతకుముందు తాడేపల్లిగూడెంలో ఒక చిన్న ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. మాది భీమడోలు నుంచి ఆటోలో కొల్లేరు వైపు వెళ్తే వచ్చే ఊరు. పొద్దున్నే ఆటో, ఆ తర్వాత పాసింజరు రైలు, గూడెంలో దిగాక ఉల్లిపాయల లారీల మధ్య నుంచి నడక. ఆ ఘాటుకి రోజూ విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఎక్కడైనా ఉల్లిపాయల బస్తా విప్పితే చాలు, ఆ వీధీ, గేటు దగ్గర కాచుకుని ఉండే ఆరో తరగతి ఆడపిల్లలూ గుర్తొచ్చి ప్రాణం లేచొస్తుంది. పిల్లలు తగ్గిపోయారని ఆ బడి మూసేశారు. చివరి రోజు బ్లాక్‌బోర్డు తుడవబుద్ధి కాక అలాగే వదిలేసి వచ్చాను.

ఇక మిగిలింది ప్రభుత్వ టీచరు ఉద్యోగం. దాని నోటిఫికేషన్ ఇదిగో పడుతుంది, అదిగో పడుతుంది అంటూ ఊరిస్తూ ఉండేది. నేను వారానికోసారి ఏలూరు వెళ్ళి లైబ్రరీలో చదువుకునేదాన్ని. మిగతా రోజులు ఇంట్లోనే. పెళ్ళికి వెళ్ళినా, చావుకి వెళ్ళినా, "ఏం చేస్తన్నావమ్మా ఇప్పుడు" అన్న ప్రశ్న తప్పేది కాదు. అడిగినవాళ్ళ మీద నాకు ఒళ్ళు మండేది. అమ్మకి విశ్వాసం ఎక్కువ, నాకు కోపం ఎక్కువ. ఒకే ఇంట్లో రెండూ కాపురం చేశాయి.

మా గుడిలో, అంటే చర్చిలో, రెండో పాట అయ్యాక సాక్ష్యాలు ఉంటాయి. వారంలో దేవుడు చేసిన మేలు ఏదైనా ఉంటే లేచి చెప్పాలి. జ్వరం తగ్గిందనీ, గేదె ఈనిందనీ, కొడుకు తాగుడు మానాడనీ చెబుతారు. ఆ ముందు వారం మా పాస్టరు అయ్యగారు విశ్వాసం గురించి ప్రసంగం చేశారు. అడిగినది ఇంకా చేతికి రాకముందే వచ్చిందనుకుని దేవుడికి కృతజ్ఞత చెప్పాలన్నారు. అందరం తలలూపి, ఇంటికొచ్చి అన్నాలు తిని మర్చిపోయాం. అమ్మ ఒక్కతే మర్చిపోలేదు.

ఆ ఆదివారం అమ్మ చెంగు తల మీదికి లాక్కుని లేచింది. మైకు పట్టుకుని, మా అమ్మాయికి గవర్నమెంటు టీచరు ఉద్యోగం ఇచ్చిన దేవుడికి స్తోత్రం అంది. గుడంతా చప్పట్లు. చాప మీద పక్కనే కూర్చున్న నేను చీర కుచ్చెళ్ళు పట్టుకుని లాగాను. అమ్మ నా చెయ్యి విదిలించుకుని ఇంకోసారి స్తోత్రం అంది.

ఆరాధన అయ్యాక నాకు తప్పించుకునే దారి లేదు. చేతులు కలిపేవాళ్ళు కలిపారు, బుగ్గలు నిమిరేవాళ్ళు నిమిరారు. ఎక్కడేశారమ్మా అని అడిగితే, ఇంకా చెప్పలేదండి అని అమ్మ తొణక్కుండా జవాబిచ్చింది. ఉద్యోగం వచ్చినవాళ్ళ ఇంట్లో అందరూ చేరి ప్రార్థనా, భోజనాలూ చేసే కృతజ్ఞత కూడిక పెట్టడం మా సంఘంలో ఆనవాయితీ. శనివారం సాయంత్రం మా ఇంట్లో కూడిక అని అయ్యగారు అక్కడికక్కడే ప్రకటించేశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చాక అమ్మ మీద పడ్డాను. అబద్ధం ఎందుకు చెప్పావని అడిగాను.

"అబద్ధమేంటే? ఇచ్చేడనుకుని చెప్పమన్నారు కదా అయ్యగారు. నేను దేవుడికి చెప్పేను గానీ ఊరికి చెప్పేనా?"

"మైకులో చెప్పేవమ్మా."

నాన్న మెట్ల మీద కూర్చుని కాళ్ళు కడుక్కుంటున్నారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని నీళ్ళకేసి చూస్తూ అన్నారు. సామెతల దగ్గర మా ఇంట్లో మతం పట్టింపు లేదు. నాకు నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది.

ఆ వారం మధ్యలో ఉండి అనే ఊరి నుంచి మా మేనత్త ఫోన్ చేసింది. అక్కడ చేపల మేతలూ మందులూ అమ్మే పెద్ద కొట్టులో కంప్యూటర్ మీద బిల్లులు చెయ్యడానికి చదువుకున్న అమ్మాయి కావాలట. సోమవారమే చేరాలి. జీతం నా పాత బడి జీతం కంటే మెరుగు. అమ్మ ముఖం వెలిగిపోయింది. దేవుడు ఇచ్చింది ఇదేనేమో, శనివారానికి సరిగ్గా అందిందని మురిసిపోయింది. గవర్నమెంటు మాట ఏమైందంటే, ఆ ఒక్క మాట నేను తొందరపడి కలిపేనేమో అంది.

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఉండికి వెళ్తే చీకటితో బయల్దేరి చీకటి పడ్డాకే రావాలి. ఇక చదువు సాగదు. చదువు సాగకపోతే బడి అన్న మాట నా జీవితంలోంచి పోతుంది. వెళ్ళనంటే శనివారం ఊరందరి ముందు మా అమ్మ అబద్ధాలకోరు అవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దేవుడి పరువు కాపాడ్డానికి నేను చేపల మేత కొట్లో చేరాలా అని ఆయన్నే నిలదీశాను. నాకు చేతనైన ప్రార్థన అదొక్కటే. జవాబేమీ రాలేదు. భయం మాత్రం అలాగే ఉంది.

మర్నాడు పొద్దున్న నాన్నతో చెరువు మీదికి వెళ్ళాను. చేపల చెరువుల్లో మేత వెయ్యడం నాన్న పని. తవుడూ, నూనె తీసిన చెక్కా కలిపి, చిల్లులు పొడిచిన సంచుల్లో నింపి, పడవ మీద వెళ్ళి నీళ్ళలో పాతిన గెడలకి కడతారు. నేను సంచులు అందిస్తుంటే ఆయన కడుతున్నారు. కొల్లేరు మీద నుంచి గూడబాతులు గుంపుగా వెళ్తున్నాయి. సంచి ముడి బిగిస్తూ నాన్న అడిగారు.

"నీకు ఉద్యోగం కావాలా, బడి కావాలా?"

"బడేనండి నాన్నా."

"అయితే ఉండికి రాదని మీ అత్తకి చెప్పేత్తాను. మీ అమ్మ సంగతి మాత్రం నా వల్ల కాదు. అది నువ్వే చూసుకో."

శనివారం వాకిట్లో పరదా కట్టి చాపలు పరిచారు. నాన్న బొచ్చె చేపలు తెచ్చారు. పెరట్లో పులుసు ఉడుకుతుంటే ఆ వాసనకి పాట కూడా రాగం తప్పింది. వాక్యం చదివాక అయ్యగారు, ఇప్పుడు మన అమ్మాయి సాక్ష్యం చెబుతుంది అన్నారు. లేచాను.

నాకు ఉద్యోగం రాలేదండి అన్నాను. నోటిఫికేషన్ కూడా పడలేదనీ, అమ్మ విశ్వాసంతో ముందే చెప్పిందనీ, ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో నాకు తెలియదనీ చెప్పాను. బడిలో చెప్పాలని ఉంది, అందుకే ఎదురుచూస్తూ కనిపెట్టుకుని ఉన్నాను, మీరు కోప్పడకుండా నా కోసం ప్రార్థన చెయ్యండి అని కూర్చున్నాను. అమ్మ తల దించుకుని చాప పుల్లలు తుంచుతోంది. అమ్మ మీద కోపమంతా ఆ క్షణాన ఎటు పోయిందో, ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ముందు వరసలో సంఘంలో అందరికంటే పెద్దదైన మామ్మ కూర్చుని ఉంది. చెవులు సరిగ్గా వినిపించవు. పక్కనున్నావిడ చెవిలో గట్టిగా చెబితే విని తల పంకించింది.

"రాలేదా? అయితే కృతజ్ఞతలు తర్వాత చెబుదారి, ఇప్పుడు మోకాళ్ళూనండి. పులుసు ఎలాగూ వండేసేరు కదా."

ముందు నవ్వింది అయ్యగారే. నా ప్రసంగం ఇంత శ్రద్ధగా విన్నది ఈ అమ్మాయి వాళ్ళమ్మ ఒక్కతేనండి, తప్పు పడితే నన్ను పట్టండి అన్నారు. ఆ తర్వాత అందరూ మోకాళ్ళూని, ఒకరి తర్వాత ఒకరు నా కోసం ప్రార్థన చేశారు. గుడిలో నోరు విప్పని నాన్న కూడా చేశారు. ప్రభువా, మా అమ్మాయికి బడంటే ఇష్టం అన్నారు. అంతే. ఆమెన్ కూడా అనలేదు.

చేపల పులుసు అడుగంటా ఊడ్చుకుని తిన్నారు. వెళ్తూ మామ్మ, ఎలాగూ ఖాళీయే కదా, నా మనవరాలికి లెక్కలు రావట్లేదు, రేపట్నించి పంపుతాను అంది. మర్నాడు ఆ పిల్లతో పాటు ఇంకో ఇద్దరు వచ్చారు. వర్షాకాలం వచ్చేసరికి మా వరండా చాలక గుడి వరండాకి మారాం.

అలా రెండేళ్ళకి పైగా గడిచింది. నోటిఫికేషన్ పడింది, పరీక్ష వాయిదా పడింది. నాకేమీ గొప్ప ధైర్యం రాలేదు. భయపడుతూనే లేచి చదువుకున్నాను, భయపడుతూనే పిల్లలకి పాఠం చెప్పాను. నమ్మిక అంటే నిబ్బరమనుకునేదాన్ని. నా వరకూ అది రోజూ పొద్దున్నే లేవడమే. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆడవాళ్ళందరూ నా పేరు ఎత్తేవారు. అప్పుడు సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. సాయంత్రం పిల్లలకి కిరణజన్య సంయోగక్రియ చెబుతుంటే అమ్మ స్తంభానికి ఆనుకుని బియ్యం ఏరుతూ వినేది. ఆకు తన అన్నం తనే వండుకుంటుందా అని ఆశ్చర్యపోయేది. చీకటి పడ్డాక ఇద్దరం నడుచుకుంటూ ఇంటికి వచ్చేవాళ్ళం, దారి పొడుగునా ఏదో ఒకదానికి పోట్లాడుకుంటూ. ఆ రోజులు ఎప్పుడు గడిచిపోతాయా అని ఎదురుచూశాను. ఇప్పుడు ఎవరైనా ఒక్క సాయంత్రం తిరిగి ఇస్తానంటే పరిగెత్తుకు వెళ్తాను.

చివరికి పరీక్ష జరిగింది, ఉద్యోగం వచ్చింది. చింతలపూడి అవతల, పామాయిల్ తోటల మధ్య బడి. ఆ ఆదివారం సాక్ష్యాల వేళ అందరూ అమ్మ వైపే చూశారు. అమ్మ లేవలేదు. నేనే లేచి రెండు ముక్కలు చెప్పాను. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను.

ప్రయాణం రోజున ఇద్దరం బస్సు కోసం నిలబడ్డాం. సంతోషంగా లేదా అమ్మా, సాక్ష్యం కూడా చెప్పలేదేం అని అడిగాను. అమ్మ నా సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"ఇన్నాళ్ళూ ఉద్యోగం ఇమ్మనే అడిగేనే. నువ్వు నా పక్కన ఉన్నావని ఒక్క ఆదివారవన్నా లేచి కృతజ్ఞత చెప్పలేదు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

బస్సు వచ్చింది. అమ్మ సంచి అందిస్తుంటే తీసుకోవడం మర్చిపోయి అమ్మనే చూస్తూ మెట్టు మీద నిలబడిపోయాను.